కోటవీరుడి అరికాలి చుక్క

కాశిబుగ్గ, వరంగల్,
ఆదివారం పొద్దున.

పద్మక్కకు,

నీ చెల్లెలు సుజాత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది, అమ్మ దగ్గు తగ్గిందా, బావ షుగరు మందు సమయానికి వేసుకుంటున్నాడా, ఒక్కొక్కటి విడిగా చెప్పాలి. "అందరం మంచిగున్నం" అని అన్నీ కలిపి ఒక్క మాటలో తేల్చేస్తే నాకు లెక్క కుదరదు, నీకు తెలుసు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడేమో. నీ మనవడు చింటుకు ఒక పార్సెల్ పంపుతున్నాను, అందులో పెట్టడానికి రాస్తున్నాను. ఇంకో సంగతి, ఫోనులో నేను చెప్పేది సగం మీ మరమగ్గాల సాంచాల చప్పుడులోనే పోతుంది. పోయిన నెల నువ్వు అడిగిన మాటకు నేను నీళ్లు నమిలి ఫోను పెట్టేశాను. "ఆ బొమ్మల పని ఉంటదా, పోతదా? పోయేదుంటే ముందే చెప్పుండ్రి, పై గది ఖాళీగనే ఉన్నది, భివండికే వచ్చెయ్యుండ్రి" అన్నావు. ఆ రోజు నాకే జవాబు తెలియదు. ఇప్పుడు తెలిసింది. ముందు మా క్షేమసమాచారాలు చెప్పి, ఆ కథ మొత్తం వరసగా రాస్తాను. అమ్మకు చదివి వినిపించు. మధ్యలో నిద్రపోతే లేపు.

మేం భివండి వదిలి ఇక్కడికి వచ్చింది మిరపకాయల కాలంలో. ఎనుమాముల మిర్చి మార్కెట్టు మా ఇంటికి అంత దగ్గరేమీ కాదు, అయినా గాలి ఇటు తిరిగితే చాలు, వీధి వీధంతా తుమ్ములే. మా ఆయన, అదే నీ మరిది, మొదటి వారమంతా తుమ్ముతూనే కొత్తవాడలో పని వెతుక్కున్నాడు. ఇప్పుడు అక్కడే సాంచాలు బాగుచేసే పని దొరికింది. మా పిల్ల హారిక డిగ్రీలో చేరింది, హనుమకొండకు బస్సులో పోయి వస్తుంది. ఇప్పుడేమో ముసురు. ఉతికిన బట్టలు ఆరవు, పప్పు డబ్బా మూత తీస్తే తేమ వాసన.

తిండి మాటంటావా, బాగానే కుదిరింది. ఇక్కడి జొన్నరొట్టెలు పలుచగా, పెద్దగా ఉంటాయి, నేనింకా అంత పలుచగా కొట్టలేను. నీ మరిదికి మాత్రం సాయంత్రం ఐతే వడాపావ్ గుర్తొస్తుంది. పావ్ దొరికింది, వడ నేనే వేస్తాను, కానీ లోపల చల్లే ఎండు వెల్లుల్లి చట్నీ అక్కడిలాగ రావడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక పావుకిలో పంపు. ఎక్కువ వద్దు, నూనె వాసన పడుతుంది.

మొదట్లో నాకు మనసు పట్టలేదు అక్కా, అది నీకు దాచను. భివండిలో పుట్టి, సాంచాల చప్పుడు మధ్యే పెరిగి, పెళ్లై, పిల్లను కని, నలభై ఏడేళ్లు వచ్చాక ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగిపోతే చెవులు మూసుకుపోయినట్టుండేది. మా సందులో రెండిళ్లలో చేతిమగ్గాలున్నాయి, కానీ వాటి చప్పుడు ఎవరో పక్క గదిలో మెల్లగా మాట్లాడుకున్నట్టుంటుంది. తాతల ఊరికే వచ్చామని అందరూ అన్నారు. తాతల ఊరే గానీ నాకు పలకరించే మనిషి లేదు. పొద్దున వంటయ్యాక ఏం చేయాలో తోచక, తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని.

అట్లాంటప్పుడు మా ఇంటి ఓనరు కూతురు శిరీష ఒకరోజు కరెంటు బిల్లు ఇయ్యడానికి వచ్చి, గోడకున్న నా క్యాలెండరు ముందు నిలబడిపోయింది. నా అలవాటు నీకు తెలిసిందే కదా, పాలు రాని రోజు, గ్యాసు మార్చిన రోజు, నూనె డబ్బా ఎన్నాళ్లొచ్చింది, అన్నీ తేదీ గడిలోనే చిన్నగా రాస్తాను. "అక్కా, ఇది నువ్వే రాస్తవా? మా షెడ్డుల ఇట్ల రాసేటోళ్లు ఒక్కరు లేరు, వస్తవా?" అంది. నేను జోకు చేస్తుందనుకున్నాను. మరునాడు పొద్దున స్కూటీ తెచ్చి గేటు ముందు హారన్ కొట్టింది.

ఎనుమాముల రోడ్డు మీద వాళ్ల షెడ్డు. అక్కడ చేసేవి పిల్లల బొమ్మలు, ఉత్త బొమ్మలు కాదు. వాటిని యాక్షన్ ఫిగర్లు అంటారు. మెడ, భుజం, మోచేయి, మోకాలు అన్నీ కీళ్ల మీద తిరుగుతాయి, కత్తి పట్టుకొమ్మంటే పట్టుకుంటుంది, ఒంటికాలి మీద నిలబెడితే నిలబడుతుంది. శిరీష తయారు చేసిన జత రెండు బొమ్మలు. ఒకటి కోటవీరుడు, తలపాగా, కోరమీసం, డాలు, కత్తి. రెండోది వాడితో కొట్లాడే రాక్షసుడు. ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసే యంత్రం యాకూబ్ భాయ్ చూసుకుంటాడు. రంగులు వేసే గదిలో ఆరుగురం ఆడవాళ్లం. నేను పొద్దున రంగు వేస్తాను, మధ్యాహ్నం నుంచి లెక్క రాస్తాను. కొత్తవాడలో పదేళ్లు జంపఖానాలు నేసి వచ్చిన సారక్క మాకందరికీ పెద్ద. రజిత అందరికంటే చిన్నది, పెళ్లై ఏడాది కాలేదు, చెయ్యి మాత్రం వెంట్రుకవాసి తప్పదు. వీరుడి కనుబొమ్మలు అదే దిద్దుతుంది.

పని దొరికింది, నెల తిరిగేసరికి నా పేరు మీద జీతం కవరు వచ్చింది. మొదటి కవరు నీ మరిది చేతికిస్తే వెనక్కిచ్చి, "నీ పేరు రాసున్నది, నువ్వే దాచుకో" అన్నాడు. అంత సంతోషంగా ఉన్న సమయంలోనే హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్లది పెద్ద ఆర్డరు వచ్చింది. దానితోపాటే చిక్కూ వచ్చింది.

దుకాణం వాళ్లు శాంపిల్ చూసి మెచ్చుకున్నారు. ఇట్లాంటివే కావాలన్నారు. కానీ వాళ్లు చెప్పిన ధర మాకయ్యే ఖర్చు కంటే తక్కువ. శిరీష మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఈ రేటుకు చేసుడు రాకపోతే రంగుల రూమ్ బంద్ చెయ్యాలె అక్కా. ఒంటి రంగుల పోసిన బొమ్మకు స్టిక్కర్లు అతికించి ఇయ్యాలె. నాకు ఇష్టం లేదు, కని ఆర్డర్ పోతే షెడ్డే ఉండదు." రాఖీ పండగ తర్వాత దుకాణం వాళ్లకు ఆఖరి మాట చెప్పాలని గడువు. సరిగ్గా ఆ వారమే నువ్వు ఫోను చేసి అడిగింది.

ఇప్పుడు నీకు ఈ బొమ్మల ఖర్చు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒక బొమ్మకు వంద రూపాయలు ఖర్చవుతుందని ఊరికే అనుకో. ప్లాస్టిక్, యంత్రం, కరెంటు, అట్టపెట్టె కలిపి సగం. మిగిలిన సగం రంగుదే. రంగంటే డబ్బాలో ఉన్న రంగు కాదు. అది బొమ్మకు పట్టేదెంత, ఒక చెంచా కూడా కాదు. ఖర్చంతా చేతులది. ఎర్ర రంగు ముంచావు, తలపాగాకు వేశావు, ఆరబెట్టావు, మళ్లీ ఎత్తావు, బంగారు రంగు అంచు దిద్దావు, ఆరబెట్టావు, మళ్లీ ఎత్తావు. బొమ్మ ఎంత పెద్దదన్నది లెక్కలోకే రాదు, ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నామన్నదే లెక్క. సారక్కకు ఇది చెప్తుంటే, "ఏమున్నదే, జంపఖానల రంగు మారినప్పుడల్ల పోగు మార్చినట్టే. గజం గజమే, కూలి రెట్టింపు" అని తేల్చేసింది.

దీన్ని తగ్గించే దారులు శిరీషకు తెలుసు. కళ్లు చేత్తో దిద్దకుండా మెత్తటి రబ్బరు ముద్దతో ఒక్క అద్దుతో అచ్చుగుద్దే యంత్రం ఉంది. తలపాగా వరకే తెరిచి ఉండే రేకు ముసుగు తొడిగి రంగు చిమ్మవచ్చు. కానీ ప్రతి రంగుకు ఒక ముసుగు, ప్రతి ముఖానికి ఒక రబ్బరు ముద్ద చేయించాలి. వేల బొమ్మలు చేస్తే ఆ ఖర్చు తలా కొంచెం పంచుకుని కనబడకుండా పోతుంది, కొన్ని వందలే చేస్తే అదే నెత్తిన కూర్చుంటుంది. అందుకని కళ్లకు మాత్రం ముద్ర చేయించింది, మిగతావి చేత్తోనే.

అన్నిటికంటే మంచి దారి ప్లాస్టిక్కే రంగుది పోయడం. మనం నూలుకు రంగు అద్ది నేస్తాం చూడు, అట్లా. అంతకుముందు బొమ్మంతా ఒంటి రంగులో, అంటే చర్మం రంగులో పోసి, పంచె మీద తెల్ల రంగు వేసేవాళ్లం. కాళ్లు ఎట్లాగూ విడిగా పోస్తారు కదా, ఆ ముక్కల్ని తెల్ల ప్లాస్టిక్‌తోనే పోస్తే ఒక రంగు, ఒక ఎత్తుడు, ఒక ఆరబెట్టుడు పోయినట్టే. పైగా కీళ్ల దగ్గర వేసిన రంగు చెయ్యి తిప్పగానే రాలుతుంది, ప్లాస్టిక్‌లోనే ఉన్న రంగు రాలదు. డాలు నల్లగా పోశారు, కాళ్లు తెల్లగా పోశారు. ఖర్చు దిగింది, అయినా దుకాణం ధరకు ఇంకా కొంచెం పైనే ఉంది.

తర్వాత ఏ అలంకారం తీసేయాలన్న పంచాయితీ. ఆ రోజు మా గదిలో ఉంటే నువ్వు నవ్వి నవ్వి మోకాలు నొప్పి మరిచిపోయేదానివి. తలపాగా బంగారు అంచు తీసేద్దామని శిరీష అనగానే సారక్క కుంచె కింద పెట్టేసింది.

"జరి అంచు లేని తలపాగ కోటవీరుడు కడ్తడా? వాడేమన్న తువ్వాల సుట్టుకొని పొలం కాడికి పోతాండా?"

"మరేం తీద్దాం అత్తా, నువ్వే చెప్పు" అంది శిరీష.

"చెప్పుల వార్లు తియ్యి. కడియం లోపటి దిక్కు తియ్యి. పంచె వెనక అంచు తియ్యి. వెనక ఎవడు సూస్తడు?"

"పిల్లలు సూస్తరు. వాళ్లు ముందుగాల తిప్పి వెనకనే సూస్తరు" అంది రజిత.

మన చింటు గుర్తొచ్చాడు. వాడు బిస్కెట్టు కూడా తిప్పి చూసి గానీ తినడు. ఆఖరికి చెప్పుల వార్లు, కడియం లోపలి వైపు, డాలు వెనక పువ్వు పోయాయి. పంచె వెనక అంచు మిగిలింది. బంగారు అంచు మిగిలింది. మీసం గురించి ఎవరూ నోరెత్తలేదు.

అప్పుడు లెక్క వేస్తే కాగితం మీద ధర కుదిరింది. నిజంగా చేస్తుంటే కుదరలేదు. అది నన్ను తినేసింది అక్కా. ఒక్కో పనికి ఎంత సేపు పడుతుందో కలిపితే సాయంత్రానికి ఇన్ని బొమ్మలు కావాలి. కావడం లేదు. అదొక్కటే కాదు, రోజూ కొన్ని బొమ్మలకు ఎడమ భుజం మీద బంగారు దండకడియం చెదిరిపోయి ఉండేది. వాటిని తుడిచి మళ్లీ వేయాలి. ఒకసారి వేసిన కడియం కంటే తుడిచి వేసిన కడియం మూడింతలు ఖరీదు. ముసురుకు రంగు ఆరడం లేదనుకున్నాం. ఫ్యాను పెట్టాం. బంగారు రంగే మంచిది కాదేమోనని శిరీష ఖరీదైనది తెప్పించింది. ఖర్చు పెరిగింది, చెదరడం తగ్గలేదు. భుజమే ఎందుకు చెదరాలి, అదీ ఎడమదే ఎందుకు?

శిరీష ముఖం చిన్నబోయింది. "స్టిక్కర్ల రేటు కనుక్కొని వస్త అక్కా" అని స్కూటీ తీసింది. నేను స్కూటీకి అడ్డం నిలబడ్డాను. ఒక్కసారి ఆగు, ఒక్క పూట నాకియ్యి, రంగు వెయ్యకుండా ఊరికే కూర్చుని చూస్తాను అన్నాను.

ముందుగా అందరినీ అడిగాను, బొమ్మ చేతికొచ్చిన దగ్గర్నుంచి వదిలేదాకా ఏమేం చేస్తారని. తలపాగా, అంచు, మీసం, కనుబొమ్మ, నడుం పట్టీ, కడియం, అందరూ చెప్పింది ఒకటే. తర్వాత రజిత పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అది కనుబొమ్మ దిద్దింది. కడియం వేసింది. ఉఫ్ అని ఊదింది. అయిపోయిందనుకుని నేను తల తిప్పబోతుంటే, కుంచె మార్చి నల్ల రంగులో ముంచి, వీరుణ్ణి తలకిందులు చేసి కుడి అరికాలికి చుక్క పెట్టింది. తడి చుక్క కదా, నిలబెట్టలేం. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఇంకా ఆరని కడియంతో ఎడమ భుజం పళ్లేనికి ఆనింది.

"అదేంది రజితా?"

"ఏదక్కా?"

"కాలికి పెట్టింది."

"అదా, దిష్టి సుక్క గదక్కా."

"మరి చెప్పలేదేం, అడిగిన కదా ఏమేం చేస్తరని?"

"దిష్టి సుక్క పెట్టుడు గూడ పనేనా?" అని అది నా ముఖంలోకి విచిత్రంగా చూసి, "నువ్వు గూడ పెడ్తవు గదా" అంది.

లేచి నా పళ్లెం చూసుకున్నాను. పొద్దున నేను వేసిన వీరులంతా ఎడమ పక్కకు తిరిగి హాయిగా పడుకుని ఉన్నారు. ఒక్కొక్కడి కుడి అరికాలికి నల్ల చుక్క. నేనే పెట్టాను. ఎప్పుడు మొదలుపెట్టానో కూడా గుర్తు లేదు. హారిక చిన్నప్పుడు స్నానం చేయించి, పౌడరు వేసి, ఆఖర్న కాటుక చుక్క పెట్టినట్టు, చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. గదిలో ఆరుగురం, ఆరుగురివీ అదే వరస. ఒక్కరం కూడా దాన్ని లెక్కలో చెప్పలేదు. రాక్షసుల పళ్లెం చూస్తే వాటికీ ఉంది.

"సారక్కా, రాక్షసునికి గూడ దిష్టి చుక్కా?"

"వాడు మాత్రం మన చేతులల్ల పుట్టలేదా?" అంది సారక్క, తల కూడా ఎత్తకుండా.

శిరీషకు చెప్పాలంటే నాకు ఎట్లాగో అనిపించింది. చెప్పాను. ఆ అమ్మాయి పళ్లెంలోంచి ఒక వీరుణ్ణి తీసి అరికాలు చూసింది. "ఎన్నిటికి పెట్టిండ్లు?" అంది. "అన్నిటికీ" అన్నాను. ఇంక పెట్టకండి అంటుందనుకున్నాను. అన్నది కూడా. సారక్క కదలలేదు. "తయారైన పిల్లగాన్ని సుక్క పెట్టకుంట బైటికి తోలుతమా బిడ్డా? నా చెయ్యి రాదు" అంది. సరే, చుక్కే ముందు పెట్టి, అది ఆరాక రంగులు వేయండి అంది శిరీష. గదంతా నవ్వు. "తానం జెయ్యకముందే కాటుక పెడ్తరా ఎవరన్న?" అంది రజిత.

ఆ నవ్వులోనే శిరీషకు ఏదో తట్టి తన బల్ల దగ్గరికి పరుగెత్తింది. దుకాణం వాళ్లు చూసి, మెచ్చి, సంతకం పెట్టిన చీటీ కట్టి పంపిన శాంపిల్ బొమ్మ అక్కడ గాజు పెట్టెలో ఉంటుంది. ఆర్డరులో ప్రతి బొమ్మా అచ్చం దానిలాగే ఉండాలని షరతు. దాన్ని తీసి తిప్పి చూసింది. కుడి అరికాలికి నల్ల చుక్క. ఆ శాంపిల్‌కు రంగు వేసింది సారక్క.

"ఇగ అయిపోయింది" అని శిరీష కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "శాంపిల్‌ల ఉన్నది కాబట్టి తీసుడు గూడ రాదు. చుక్క ఉండాలె, రంగు పెట్టొద్దు, ఆఖర్నే పెట్టాలె. చెప్పుండ్రి, ఎట్ల?"

యాకూబ్ భాయ్ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి టీ తాగుతూ వింటున్నాడు. గ్లాసు కింద పెట్టి, "జర ఆ బొమ్మ ఇటియ్యి బేటా" అన్నాడు. అక్కా, ఈ బొమ్మ తూలి పడకుండా కుడికాల్లో చిన్న ఇనుప గుండు వేస్తారు. అరికాలి కింద రంధ్రంలోంచి వేసి, శనగగింజంత బిరడాతో మూసేస్తారు. ఆ బిరడా కూడా ఒంటి రంగుదే, రంగుల గదికి రాకముందే బిగించి పంపేవాళ్లు. మేం చుక్క పెట్టేది సరిగ్గా ఆ బిరడా మీదే. యాకూబ్ భాయ్ దాన్ని గోటితో తట్టి చూపించాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి. ఈ బిరడ నేను నల్లగ పోస్త. బిగించకుంట మీకే ఇస్త, లోపల గుండు బిగుతుగనే ఉంటది, రాలదు. అన్ని రంగులు అయినంక మీరే బొటనవేలుతోని ఒత్తుండ్రి. సుక్క పెట్టినట్టే, ఆరబెట్టే పని లేదు, పండబెట్టే పని లేదు."

"డాళ్లకు తెచ్చిన నల్ల ప్లాస్టిక్ సరిపోతదా, ఇంకా తెప్పియ్యాల్నా?" అని నేను వెంటనే ఖర్చు అడిగాను.

"తెప్పిచ్చుడెందుకమ్మా. తెల్ల ముక్కలు, ఒంటిరంగు ముక్కలు, పాడైన కాళ్లు చేతులు సంచుల కొద్ది మూలకు పడున్నయి. అన్ని కలిపి కరిగిస్తే ఏ రంగు కాని రంగొస్తది, దాంట్ల నలుపు ఒక్కటే కలుస్తది. ఎట్లైన పారేసేదే."

నేను సారక్క వైపు చూశాను, ఆమె ఒప్పుకోకపోతే ఎవరూ ఒప్పుకోరు. సారక్క తన చేతిలో ఉన్న బొమ్మకు మీసం దిద్దుతూనే ఉంది. సాయంత్రం యాకూబ్ భాయ్ మొదటి గుప్పెడు నల్ల బిరడాలు తెచ్చి పోశాడు. సారక్క ఒకటి తీసుకుంది. అంతా వేసి ఆరిన వీరుణ్ణి పట్టుకుని, తిప్పి, అరికాలికి బిరడా పెట్టి బొటనవేలితో నొక్కింది. టిక్కుమంది. నిలబెట్టింది. నిలబడ్డాడు. కొద్దిసేపు అట్లాగే చూసి, "కాటుక పెట్టంగ గూడ బొటనవేలే కదనే" అంది. అందరం తలా ఒక బిరడా తీసుకున్నాం.

ఆ మరునాటి నుంచి వీరులు నిలబడే ఆరుతున్నారు. భుజాలు చెదరడం ఆగిపోయింది. పాత బంగారు రంగుకే మళ్లీ మారాం. సాయంత్రానికి కాగితం మీద అనుకున్నన్ని బొమ్మలు పళ్లాల్లోకి వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, నమ్మక మూడోసారి, కాలేజీ నుంచి అటే వచ్చిన హారికతో లెక్కపెట్టించాను. దుకాణం ధర కంటే కొంచెం కిందికే దిగాం. శిరీష వెంటనే ఫోను చేసి ఒప్పుకుంది. స్టిక్కర్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు వానలోనే రజిత పోయి మిరపకాయ బజ్జీలు తెచ్చింది, రంగు చేతులతోనే తిన్నాం. రజిత పెదవికి బంగారు రంగు అంటుకుంటే, "దీనికి గూడ జరి అంచు పడ్డది" అని సారక్క ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి నీ మరిదికి చెప్తే అంతా విని, "మరి మన ఇంట్ల రోజు ఇట్ల లెక్కల రాయని పనులెన్ని జేస్తవో" అన్నాడు. ఆయన నోటి నుంచి అట్లాంటి మాట వస్తుందనుకోలేదు. ఆ పూటకు వడలు రెండు ఎక్కువ వేశాను.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు ఇదే. పని ఉంటుంది. రంగుల గది ఉంటుంది. పై గది మా కోసం ఖాళీగా ఉంచకు, అద్దెకిచ్చుకో. మంచి మనుషులనే చూసి ఇయ్యి, అడ్వాన్సు ముందే తీసుకో. మేం వస్తాం, చుట్టాలలాగ వస్తాం, దీపావళి సెలవులకు. అప్పుడు చాప పరిస్తే చాలు.

అమ్మకు వానాకాలం చల్లనీళ్లు ఇయ్యకు, అడిగినా ఇయ్యకు. బావకు నా నమస్కారాలు చెప్పు, పైన రాసినవన్నీ చదివి నవ్వుకుంటే ఇంకా మంచిది. చింటుకు ముద్దులు. అమ్మ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని రోజూ బయల్దేరుతున్నానని చెప్పు, ఆమె దీవెనలు అట్లాగే పంపుతూ ఉండమను. వెల్లుల్లి చట్నీ మరిచిపోకు.

పార్సెల్‌లో చింటుకు కోటవీరుడున్నాడు. రాక్షసుణ్ణి కూడా పెట్టాను, ఒక్కడే ఉంటే ఎవరితో కొట్లాడతాడని. వాటి డబ్బులు నా జీతంలోంచి కట్టి చీటీ తీసుకున్నాను, ఊరికే తేలేదు. చింటు ఎట్లాగూ తిప్పి చూస్తాడు. నువ్వూ చూడు. రాక్షసుడి అరికాలికి ఉన్నది యాకూబ్ భాయ్ నల్ల బిరడా. వీరుడిది అది కాదు. ఒక పాత ఒంటిరంగు బిరడా అడిగి తీసుకుని బిగించి, దాని మీద నా చేత్తో, కుంచెతో చుక్క పెట్టాను. ఆరేదాకా చేతిలోనే తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను, భుజం ఎక్కడా ఆననీయలేదు. ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు, ఎక్కడా రాయలేదు.

మేం భివండిలో బస్సెక్కిన రోజు నువ్వు నన్ను పక్కకు పిలిచి, చెప్పు విడిపించి, అరికాలికి కాటుక పెట్టావు గుర్తుందా? ఇంత ముసలిదానికి ఎవరి దిష్టి తగులుతుందే అని నేను నవ్వితే, నువ్వు నవ్వలేదు. బస్సు పోనిస్తారేమోనని డ్రైవరును ఆగమని, గట్టిగా ఒత్తి పెట్టావు. ఇక్కడికొచ్చి మొదటిసారి కాళ్లు కడుక్కుంటే ఆ చుక్క పోయిందనుకున్నాను.

పోలేదు అక్కా.

నీ చెల్లెలు,
సుజాత